గట్టు దిగితేనే అల్లుడు

నా సర్వీసు మొత్తానికీ నాకొచ్చిన మెమో ఒక్కటే. అందులో నా మీద మోపిన నేరం ఇది: "ఎలుకల నిర్మూలన కార్యక్రమం సందర్భంగా అల్లుళ్ళను గురించి ప్రజలలో భయాందోళనలు రేకెత్తించినందుకు." టైపిస్టు ఆ కాగితం రెండుసార్లు వెనక్కి పట్టుకెళ్ళి, ఇది సరిగ్గానే ఉందా అండీ అని ఆఫీసరుగారిని అడిగాడట. సరిగ్గానే ఉంది. నిజానికి నేను చేసిన దానికి అది చాలా చిన్న శిక్ష. ఈ మధ్యనే ఉద్యోగాల్లో చేరిన మీరు చదివి నవ్వుకోండి. నేనూ చాలాకాలం నవ్విస్తూనే చెప్పాను, చివరి భాగం మాత్రం చెప్పకుండా దాటేసేవాణ్ణి.

ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు. నాకు ఇరవై నాలుగేళ్ళు. మాది గుడివాడ దగ్గర పల్లెటూరు, మా నాన్న మిషన్ బడిలో పంతులు. నన్ను దివిసీమలో గ్రామసేవకుడిగా వేశారు. ఆ ఉద్యోగం ఇప్పుడు లేదు కాబట్టి ఏమిటో చెప్పాలి. ఊళ్ళో ప్రభుత్వానికి ఏదైనా పని పడి, అది చెయ్యడానికి ఇంకెవరూ దొరక్కపోతే, అప్పుడు గుర్తొచ్చేవాడు గ్రామసేవకుడు. విత్తనాలు, ఎరువులు, పొగరాని పొయ్యిలు, నాటుకోళ్ళ బదులు తెల్లకోళ్ళు. అంతకు ముందు ఎమర్జెన్సీ రోజుల్లో అయితే కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకి మగవాళ్ళని పోగుచెయ్యడం. ఆ పని నేను చెయ్యలేదు, నా ముందున్నాయన చేశాడు. కానీ అదే సైకిలు, అదే ఖాకీ సంచీ, అదే ఉద్యోగం. జనానికి ఆయనా నేనూ ఒకటే.

చేరిన నెలలోనే పైనుంచి నాలుగు పేజీల ఫారం ఒకటి దిగింది. 'యానాదుల దైనందిన జీవితము, ఆచారములు, నమ్మకములు' అని పైన పెద్దక్షరాలు. సీనియారిటీ ప్రకారం ఒక్కో బల్లా దిగుతూ వచ్చి అది నా దగ్గర ఆగింది. నా తర్వాత ఇక గోడే ఉంది.

ఊరికి దక్షిణాన మురుగుకాలవ గట్టు మీద ఏడెనిమిది యానాది గుడిసెలుండేవి. అందులో మొదటి గుడిసె ఆసామి యాభై దాటినవాడు, ఊరి చేలన్నిటికీ ఎలుకల బుట్టలు పెట్టేది ఆయనే. ఆయన్ని అందరూ పెద్దాయన అనేవాళ్ళు. తాటాకూ వెదురుబద్దా తాడూ కలిపి ఆయన కట్టే బుట్ట, సాయంత్రం చేలో పెడితే తెల్లారేసరికి ఎలుకని బిగించి పట్టుకునేది. రైతుకి పంట దక్కేది, వాళ్ళకి కూర దక్కేది. ఆ ఇంట్లో పెద్దాయన భార్య, పురిటికొచ్చిన కూతురు, నెలబిడ్డ, భార్యనీ బిడ్డనీ చూసిపోదామని వచ్చి పదిహేను రోజులైనా ఇంకా చూస్తూనే ఉన్న అల్లుడు, బొక్కల్ని వాసన పట్టే పసుపుపచ్చ కుక్క ఒకటి.

నేను ఫారం తీసి, కలం మూత తీసి, చాలా గంభీరంగా అడిగాను. "మీ ముఖ్యమైన నమ్మకాలు ఏమిటి?"

"మీకున్నయ్యా సారూ?" అన్నాడు పెద్దాయన.

"నాకా?"

"ముందు మీవి చెప్పండి. మావి కూడా అట్టాంటియ్యేనేమో సూద్దాం."

ఆదివారం చర్చికి వెళ్తామనీ, చనిపోయినవాళ్ళు ఒకనాటికి తిరిగి లేస్తారని మా నమ్మకమనీ చెప్పాను.

"మా బయమూ అదేనండీ, లేత్తారని. అందుకే ఎవరన్నా పోతే ఆ గుడిసె వదిలేసి ఇంకోటి ఏసుకుంటాం" అన్నాడాయన. మా నాన్న జీవితాంతం చెప్పిన పునరుత్థానం గురించి అంత సూటి వ్యాఖ్యానం నేను మళ్ళీ ఎక్కడా వినలేదు.

ఉప్పెన సంగతి కూడా అడిగాను. ఉప్పెనకి ముందురోజే యానాదులు ఎలుకల నడక చూసి ప్రమాదం పసిగట్టారనీ, కరకట్ట ఎక్కేశారనీ ఊళ్ళో ఒక కథ తిరుగుతుండేది. ఫారంలో రాస్తే బాగుంటుందని నా ఆశ. పెద్దాయన బీడీ వెలిగించాడు. "అదేం లేదు సారూ. గుడిసె కారతంది. కట్ట మీద మా తోడల్లుడి గుడిసె కారట్లేదు. ఎళ్ళాం" అన్నాడు. ఆ గడిలో నేను 'ప్రకృతి పరిశీలన కలదు' అని రాశాను. అది నేను రాసిన మొదటి ప్రభుత్వ అబద్ధం.

'దైనందిన జీవితము' గడి నింపడానికి మర్నాడు తెల్లవారుతూనే వాళ్ళతో చేలోకి దిగాను. ఒక్కో చేలో ఒక్క బొక్కని మాత్రం ముట్టకుండా వదిలేస్తున్నారు. ఎందుకని అడిగితే, "మీరు విత్తనాల గింజలు వండుకు తింటారా?" అంది పెద్దాయన భార్య. బుట్టలు తీస్తుంటే ఉత్సాహం ఆపుకోలేక నేను గట్టిగా అడిగాను. "ఎన్ని ఎలుకలు పడ్డాయి?"

అందరూ ఒక్కసారి నిలబడిపోయారు. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెద్దాయన నన్ను రెక్క పట్టుకుని గట్టు మీదికి లాక్కొచ్చాడు.

"చేలో ఆ పేరెత్తగూడదు సారూ. ఇంటారు. ఇని బొక్కలు మారతారు."

"మరేమనాలి?"

"అల్లుడు అనాలి."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "పిలవకుండా వత్తాడు. ఉన్నదంతా తింటాడు. పొమ్మంటే అలుగుతాడు. ఇంకేమంటారండీ?" అంది. వాళ్ళ అసలు అల్లుడు పక్కనే బుట్టలు మోస్తూ, ఈ మాటలు తనకి సంబంధించినవి కావన్నట్టు ఆకాశం వైపు చూస్తున్నాడు.

"గట్టెక్కాక మామూలేనండీ. గట్టు దిగితేనే అల్లుడు" అన్నాడు పెద్దాయన. 'ఎలుకను అల్లుడు అందురు' అని రాసుకున్నాను. రెండో మాటకి గడిలో చోటు లేదు.

ఆ తర్వాత రెండు నెలలకి, వాళ్ళ అల్లుడు ఇంకా కదలకముందే, ఎలుకల నిర్మూలన వచ్చింది. ఆ ఏడు ఎలుకలు నిజంగానే చేలని కోసి పారేస్తున్నాయి. మా ఆఫీసరుగారు బందరులో మీటింగుకి వెళ్ళి, నల్లటి పొడి డబ్బాలతో తిరిగొచ్చారు. రెండు రోజులు బొక్కల దగ్గర ఉత్త నూకలు పెట్టి ఎలుకలకి అలవాటు చెయ్యాలి. మూడో సాయంత్రం అవే నూకల్లో నూనే ఆ పొడీ కలిపి పొట్లాలు కట్టి, ఊరంతా ఒకేసారి పెట్టాలి. మర్నాడు చచ్చిన ఎలుకల్ని ఏరి గొయ్యి తీసి పాతాలి. సర్క్యులర్‌లో కోళ్ళు జాగ్రత్త అని ఉంది, పశువులు జాగ్రత్త అని ఉంది. ఎలుకలు తినే మనుషుల మాట లేదు.

ఆ సంగతి మా ఆఫీసు మొత్తంలో నాకొక్కడికే తట్టింది. ఇందుకు నేను గర్వపడ్డాను. వాళ్ళని హెచ్చరించాలి, అదీ వాళ్ళ భాషలో, వాళ్ళ ఆచారాన్ని గౌరవిస్తూ. మూడు రోజుల ముందు రోడ్డు మీద తూము దగ్గర టీకొట్టులో పెద్దాయన కనిపించాడు. పక్కకి పిలిచి, మన ఇద్దరికే తెలిసిన రహస్యం అన్నట్టు గొంతు తగ్గించి చెప్పాను.

"పెద్దాయనా, ఈ గురువారం సాయంత్రం ఊళ్ళో అల్లుళ్ళందరికీ మందు పెడుతున్నాం."

ఆయన బీడీ నోట్లోంచి తీశాడు. "అందరికీనా?"

"అందరికీ. ఒక్కడు కూడా మిగలకూడదని పైనుంచి ఆర్డరు."

"మావోడికి గూడానా అండీ?"

'మావాడు' అంటే తన వంతుకి వదిలేసే ఎలుక కాబోలు అనుకున్నాను. "ఎవరి చేలో ఉన్నా సరే, తప్పదు" అన్నాను.

"బాగా బాధగా ఉంటదా సారూ?"

ఎలుకల మీద ఈయనకి ఎంత జాలి అనిపించింది. "కాసేపు గిలగిల కొట్టుకుంటారు. రాత్రికి రాత్రే అయిపోతుంది. మర్నాడు పొద్దున పాతిపెట్టడానికి మీవాళ్ళే నలుగురు రావాలి. పారలు మేమిస్తాం."

పెద్దాయన బీడీకట్ట బల్ల మీద వదిలేసి వెళ్ళిపోయాడు. అసలు చెప్పాల్సిన మాట, నాలుగు రోజులు వాటిని తినొద్దు అన్నది, చివర్లో చెబుదామని దాచుకున్నాను. వెనకనుంచి కేకేశాను గాని ఆయన వినిపించుకోలేదు. రేపు చెప్పొచ్చులే అనుకున్నాను. ఆ రేపు నూకల బస్తాలతో సరిపోయింది, ఎల్లుండి నూనె డబ్బాలతో.

గురువారం సాయంత్రం పొట్లాలు పెట్టాం. శుక్రవారం పొద్దున్నే ఆఫీసరుగారు జీపులో వచ్చి, గట్టు మీద వరసగా పేర్చిన చచ్చిన ఎలుకల వెనక నిలబడి ఫొటో తీయించుకున్నారు. పాతడానికి రావలసిన నలుగురూ రాలేదు. నేను యానాది గుడిసెలకి వెళ్ళాను. ఒక్క మనిషి లేడు. పొయ్యిలు చల్లగా ఉన్నాయి. చివరి గుడిసెలో నడవలేని ముసలామె ఒకతె గోడకి ఆనుకుని కూర్చుంది.

"వీళ్ళంతా ఏరి మామ్మా?"

"పారిపోయారు. అల్లుళ్ళకి మందిచ్చి ఆపరేసన్లు చేత్తారంటగా. చచ్చినోళ్ళని పాతటానికి మమ్మల్నే రమ్మన్నారంట" అంది. నా ఖాకీ సంచీ వైపు చూసి, "నాకు అల్లుడు లేడు నాయనా. నన్నేం చేసుకుంటావో చేసుకో" అని కళ్ళు మూసుకుంది.

నేను అక్కడే చతికిలబడ్డాను. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. నేను మాట్లాడింది రోడ్డు మీద. రోడ్డు మీద అల్లుడంటే అల్లుడే. ఇంతలో ఇంకో సంగతి తట్టి నవ్వు ఎండిపోయింది. ఇంత మంది ఇల్లు వదిలి వెళ్ళి ఏం తింటున్నారు? చేతిలో బుట్టలున్నాయి, చుట్టూ చేలున్నాయి. ఆ చేలన్నిటిలో నిన్న సాయంత్రం నేను పెట్టించిన పొట్లాలున్నాయి.

పరుగెత్తుకెళ్ళి డ్రైవరుకి చెప్పాను. ఆయన బందరు సాయిబు, నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద, ఆఫీసరుగారి కంటే నిదానస్తుడు. ఆఫీసరుగారు ప్రెసిడెంటుగారింట్లో ఉప్మా తింటుంటే, ఆయన్ని అడక్కుండానే జీపు తీశాడు. కరకట్ట ఎక్కి మైలున్నర వెళ్ళాక, దూరంగా చేల మధ్య దిబ్బ మీద పొగ కనిపించింది. మనుషులూ కనిపించారు. మేం కనిపించగానే వాళ్ళు లేచి పరుగు మొదలుపెట్టారు.

"ఇంకా గట్టిగా పోనీ భాయ్!" అన్నాను.

ఆయన జీపు ఆపేశాడు. "దిగు బాబూ. జీపుని చూసే పరిగెడుతున్నారు."

"జీపుని చూస్తే ఎందుకు?"

"ఆ అల్లుడి అన్నకి పెళ్ళి కాలేదు. అయినా ఎమర్జెన్సీలో వాణ్ణి ఎక్కించుకెళ్ళి కోయించింది ఈ జీపులోనే. తోలింది నేనే." ఇంత మాత్రం చెప్పి చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని ఆయన ముందు నడిచాడు.

గట్టు వెంట పరుగెత్తుతూ అరిచాను. "మందు మీ అల్లుడికి కాదు! మీ అల్లుణ్ణి ఏమీ చెయ్యం!" ఈ మాట వినగానే అల్లుడు ఇంకా వేగం పెంచాడు. అతని వెనక కూతురు బిడ్డనెత్తుకుని, ఆమె వెనక పెద్దాయన భార్య కూరకుండ చంకనెత్తుకుని పోతున్నారు. కుండ వదల్లేదు, అంటే ఇంకా తినలేదు, ఎక్కడో ఆగి తింటారు. నాకు ఊపిరాడటం లేదు. ఇక ఏం చెయ్యాలో తోచక, చెప్పులతోనే చేలోకి దూకి, నడుం లోతు వరి మధ్య నిలబడి, నా శక్తికొద్దీ కేకపెట్టాను.

"ఎలుకలు! ఎలుకలు తినొద్దు! ఎలుకల్లో విషం ఉంది! ఎలుకలు!"

పెద్దాయన ఆగిపోయాడు. వెనక్కి తిరిగి, నా వైపే వచ్చాడు. ఆయన ముఖంలో అంత కోపం నేను అంతకు ముందు చూడలేదు.

"చేలో పేరెత్తుతావా? నోరు ముయ్యి! ఇన్ని సార్లా?" ఆ కోపంలో నాకు 'సారూ' కూడా దక్కలేదు.

"ఇంకా ఎత్తుతాను. ఎలుకలు, ఎలుకలు! మందు పెట్టింది ఎలుకలకి. నేను ఆ రోజు అన్నది మీ అల్లుడు కాదు, ఈ అల్లుడు!" అని చేలోకి వేలు చూపించాను. ఆయన ఆ వేలు వైపు చూశాడు, నా వైపు చూశాడు, నెమ్మదిగా నడుం మీద చెయ్యి వేసుకున్నాడు. ఆయనకి అర్థమైంది.

"రోడ్డు మీద అన్నారే" అన్నాడు. తిట్టినా ఇంత సిగ్గు వేసేది కాదు.

కుండ ఒంపేశారు. అయితే బాగు చేసినప్పుడు తీసి పారేసిన పేగులు అప్పటికే కుక్క తినేసింది. కాసేపటికి దానికి వణుకు పుట్టింది. పెద్దాయన గట్టు మీద ఏదో ఆకు దూసి, నలిపి, పసరు దాని నోట్లో పోశాడు. పెట్టుడు మందు, అంటే తిండిలో కలిపి పెట్టే మందు, ఎవరికి పడినా కక్కించే పసరట. కుక్క కక్కింది గానీ బతకలేదు. ఎలుకలు చావడానికి ఎంతసేపు పడుతుందని నేను టీకొట్టులో తేలిగ్గా చెప్పానో, ఇంచుమించు అంతసేపూ అది కొట్టుకుంది. మేమంతా చుట్టూ నిలబడి చూశాం. బిడ్డ తల్లి మాత్రం అటు తిరిగి కూర్చుంది. గొయ్యి డ్రైవరూ అల్లుడూ కలిసి తవ్వారు.

ఆఫీసరుగారు నా సంజాయిషీ పూర్తిగా విన్నారు. "అల్లుడంటే ఎలుకా? ఏ సర్క్యులర్లో ఉందయ్యా?" అన్నారు. నేను నింపిన ఫారంలో ఉందని చెప్పాను. ఆ ఫారం ఎక్కడుందని ఆయన అడిగారు, అది ఎవరికీ తెలియదు. మెమో ఇచ్చారు. అసలు భయపెట్టినందుకిచ్చారా, అడక్కుండా జీపు తీసినందుకిచ్చారా అన్నది నాకిప్పటికీ అనుమానమే. నేను పేరెత్తి కేకలు పెట్టిన ఆ చేలో ఆ ఏడు మళ్ళీ ఎలుక కనిపించలేదు. ఆఫీసరుగారు మందు వల్ల అన్నారు, పెద్దాయన నా నోటి వల్ల అన్నాడు. రికార్డులో ఆఫీసరుగారి మాటే ఉంది.

వాళ్ళు గుడిసెలకి తిరిగొచ్చారు, కానీ బుట్టలు పెట్టడం మానేశారు. కాలవలో పీతలు, నత్తలు, ఎవరైనా ఇస్తే నూకలు. పది రోజులయ్యేసరికి బాలింతకి పాలు తగ్గిపోయాయి. బిడ్డ ఏడుపు రోడ్డు మీదికి వినిపించేది. నేను ఆఫీసరుగారి దగ్గరికి వెళ్ళి, ఇక వాళ్ళు ఎలుకలు తినొచ్చా అని అడిగాను.

"చచ్చిన ఎలుకలను పూడ్చవలెను అని ఉంది. బతికిన ఎలుకలను తినవచ్చునా అని లేదు. లేనిదానికి నేనెలా జవాబు చెప్తాను?" అన్నారు. ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. పది రోజులు గడిచాయి కదా, ఏముంటుందిలే అనుకుని, సైకిలెక్కి వెళ్ళి పెద్దాయనతో చెప్పేశాను. "ఇంక భయం లేదు. బుట్టలు పెట్టుకోండి."

ఆయన భార్య నా ముందుకొచ్చి నిలబడింది.

"తినొద్దన్నారు, ఇన్నాం. కుక్క పోయింది గాబట్టి ఆ మాట నిజమని తెలిసింది. ఇప్పుడు తినమంటన్నారు. ఇది నిజమని మాకెట్టా తెలవాలండీ?"

నేను ఏదో చెప్పబోయాను. మందు గుణం, పది రోజుల గడువు, ఎండ, గాలి. చెబుతుంటే నాకే నా మాట తేలిపోతున్నట్టు వినిపించింది.

"రేపు సాయంత్రం రండి" అందావిడ.

వెళ్ళాను. వెళ్ళకుండా ఉండే దారి కోసం రోజంతా వెతికాను, దొరకలేదు. పెద్దాయన తెల్లారుజామున బుట్టల్లో నాలుగింటిని పట్టుకొచ్చాడట. కూర ఉడుకుతోంది. చాప వేసి నన్ను కూర్చోబెట్టి, సత్తు కంచంలో అన్నం, దాని పక్కన కూర పెట్టింది. నాకొక్కడికే పెట్టింది. కూతురు బిడ్డని ఒళ్ళో వేసుకుని, ఖాళీ కంచం ముందు కూర్చుని ఉంది. మా ఇంట్లో ముద్ద ముట్టుకునే ముందు ప్రార్థన చెయ్యడం చిన్నప్పటి అలవాటు. ఇరవై నాలుగేళ్ళుగా పెదవులతో అప్పజెప్పిన ఆ ప్రార్థన, ఆ రోజు ఒక్కో మాటా అర్థం తెలిసి చేశాను. రుచి ఎలా ఉందని మీరు అడుగుతారు, అందరూ అదే అడుగుతారు. నాకు తెలియదు. నేను కలిపిన మందు ఇందులో ఉందా లేదా అన్న ఒక్క ఆలోచన తప్ప నా నోట్లో ఇంకేమీ లేదు.

ఆవిడ గరిటె పట్టుకుని నా గొంతు వైపే చూస్తూ నిలబడింది. నేను మింగాను. ఇంకో ముద్ద పెట్టుకొమ్మన్నట్టు కళ్ళతోనే సైగ చేసింది. అదీ మింగాను. కాసేపు అలాగే చూసి, అప్పుడు వంగి కూతురి కంచంలో వడ్డించింది.